ఆరు నిమిషాల దారి

తనిఖీ వాళ్లు వచ్చి వెళ్లి రెండేళ్లయింది. మళ్లీ రావడానికి ఇంకో రెండేళ్లుంది. ఈ నడిమి కాలంలో హాస్పిటల్ పెళ్లివారు వెళ్లిపోయిన ఇంటిలా ఉంటుంది. చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మలు ఎండకు వెలిసిపోతాయి. మంటలార్పే సిలిండర్ల మీద దుమ్ము చేరుతుంది. హాస్పిటల్ ఆశయాలు ఏమిటంటే అప్పట్లో గడగడా అప్పజెప్పిన నర్సులు ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అయినా నాణ్యత బాగుందని అక్రెడిటేషన్ ఇచ్చినవాళ్లు ఊరుకోరు. సరిగ్గా మధ్యలో ఒకసారి, పరీక్ష మీరే పెట్టుకుని మార్కులు మీరే వేసుకుని పంపండి అంటారు. తన పేపరు తానే దిద్దుకునే భాగ్యం బడిలో ఏ పిల్లకీ దొరకదు. హాస్పిటళ్లకు దొరుకుతుంది.

ఆ పేపరు దిద్దే పని మంజులతది. పదిహేనేళ్లు వార్డులో నర్సుగా నిలబడి నిలబడి నడుం పట్టేశాక ఆమెను క్వాలిటీ విభాగంలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అక్కడ ఆమెకు అంకెల మీద నమ్మకం కుదిరింది. మనుషులు పూటకో మాట చెబుతారు, అంకె ఎప్పుడు చూసినా ఒకటే చెబుతుంది అని ఆమె అభిప్రాయం. ఆ అభిప్రాయం మీద హాయిగా రోజులు గడిచిపోతున్నాయి.

సోమవారం పదకొండింటికి సూపరింటెండెంటు గదిలో మీటింగు. జూబ్లీ హిల్స్‌లో ఇంకా పగలకుండా మిగిలిన బండరాళ్లు కొన్ని ఆ గది కిటికీలోంచి కనిపిస్తాయి. వాటి మీదుగా రోడ్డవతల పెద్ద హోర్డింగు. తాళ్లకు వేలాడుతూ ఇద్దరు మనుషులు దాని మీద ఎవరో హీరో మొహం అతికిస్తున్నారు. గడ్డం వరకు అయింది, కళ్లు ఇంకా రాలేదు. మంజులత ఆ గడ్డం వైపే చూస్తూ వింటోంది.

"చూడండమ్మా, దీనికి మూడు దార్లున్నాయి," అన్నారు డాక్టర్ సూర్యప్రకాశరావు. ఆయన సూపరింటెండెంటు. ఆపరేషన్లు మానేసి ఆరేళ్లయినా చేతివేళ్లను ఇంకా గ్లవ్స్‌లో ఉన్నట్టే పైకెత్తి మాట్లాడతారు. "బయటివాళ్లని పిలిచి ఒకరోజు ఉత్తుత్తి తనిఖీ చేయించుకోవచ్చు. లేదూ, ఒక పేషెంటుని పట్టుకుని గేటు దగ్గర్నుంచి మంచం దాకా అతని వెనకాలే నడిచి చూడొచ్చు. అదీ కాదంటే ఇలా ఏసీలో కూర్చుని ఫారంలో గళ్లు నింపుకోవచ్చు. నా ఓటు మూడోదానికి."

అందరూ నవ్వారు. గళ్లు అప్పటికే నిండి ఉన్నాయి. ఆపరేషన్స్ మేనేజరు వరప్రసాద్ వాటిని గోడ మీద తెరకెక్కించాడు. నలభై ఒక్క వరసలు. నలభై ఆకుపచ్చగా ఉన్నాయి, ఒక్కటి ఎర్రగా ఉంది.

"క్యాజువాలిటీ నుంచి స్కానింగ్ గదికి పేషెంటుని చేర్చడం సార్. మన నార్మ్ ఆరు నిమిషాలు. పోయిన నెల అరవై ట్రిప్పుల్లో పద్నాలుగు లేటు," అన్నాడు వరప్రసాద్. "నేను కూర్చుని పేర్లు తీశాను. పద్నాలుగూ ఒక్కడివే. హనుమంతు అని, స్ట్రెచర్ తోస్తాడు. ఆ ఒక్కడినీ మార్చేస్తే ఈ గడి కూడా గ్రీన్."

"అతన్ని పనికి పంపిన ఏజెన్సీకి చెప్పి మార్పించండి మరి," అన్నారు సూపరింటెండెంటు. " కారణం గడిలో ఏదో ఒకటి రాయాలిగా?"

"సిబ్బంది నిర్లక్ష్యం అని పెట్టేశా సార్. పేరు కూడా వేశాను. మంజులత గారు సంతకం చేస్తే గురువారం సాయంత్రం పంపేద్దాం."

తెర మీద ఆ మాట చిన్నదిగానే ఉంది. కానీ అది కాగితం మీద పడితే ఏమవుతుందో మంజులతకు తెలుసు. ఏజెన్సీ వాళ్లు ఆ మనిషిని ఇక్కడినుంచి తీసేసి ఊరుకోరు, ఇంకే హాస్పిటల్‌కీ పంపరు. యాభై దాటిన మనిషికి ఆ తర్వాత వాచ్‌మన్ కుర్చీ కూడా దొరకడం కష్టం.

"గురువారం కదా సార్. ఒకసారి చూసి పెడతాను," అంది. హనుమంతు మీద జాలితో కాదు. చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు, అంతే.

మంగళవారం ఆమె గంట ముందే బయల్దేరింది. మోతీనగర్‌లో బస్సెక్కితే యూసుఫ్‌గూడ దాటేసరికి ఊరికి సగం నిద్ర, సగం వేషం. టీ బండి దగ్గర ఒక ఇన్‌స్పెక్టరు, ఒక స్వామీజీ, నెత్తురు మరకల చొక్కాతో ఇంకొకతను ఒకే బిస్కెట్ ప్యాకెట్ పంచుకుంటున్నారు. ఎవరి సినిమా కంపెనీ వ్యాను ఇంకా రాలేదో ఏమో. రోజూ చూసి చూసి, ఆ రోడ్డులో ఎవరు నిజంగా పోలీసో ఎవరు కాదో పట్టించుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. కిటికీకి తల ఆనించి అలా చూస్తూ ఉంటే ఒక్కోసారి దిగాల్సిన స్టాపు కూడా దాటిపోతుంది.

క్యాజువాలిటీ వెనక సందులో హనుమంతు ఖాళీ స్ట్రెచర్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్లబడిన గడ్డం, లేత నీలం యూనిఫాం. చక్రానికి చుట్టుకున్న వెంట్రుకల్నీ, బ్యాండేజీ దారాల్నీ చిమ్టాతో ఒక్కొక్కటే లాగుతున్నాడు. లాగి, ఇరుసులో రెండు చుక్కల నూనె వేసి, లేచి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి స్ట్రెచర్ మీద పెట్టాడు. అలా తోసుకుంటూ సందు చివరిదాకా వెళ్లి వచ్చి, గ్లాసు కింద దుప్పటిని చేత్తో తడిమి చూశాడు. పొడిగానే ఉంది.

"ఏంటిది హనుమంతన్నా?"

"చక్రాలు చూస్తున్న మేడమ్. ముందల ఎడమ దిక్కుది జర ఊగుతుంది."

ఎనిమిదిన్నరకు బైకు మీంచి పడి కాలు విరిగిన మనిషిని తెచ్చారు. మంజులత ఫోనులో గడియారం నొక్కి వెనకాలే నడిచింది. స్కానింగ్‌కు దారి తిన్నగా ఓపీ హాలు మధ్యలోంచి పోతుంది. హనుమంతు హాలు దాకా వచ్చి, మందుల దుకాణం దగ్గర కుడివైపు తిరిగాడు.

"అటెందుకు?" అంది.

స్ట్రెచర్ మీద చేతులున్నంత సేపూ పడుకున్న మనిషితో తప్ప ఇంకెవరితోనూ అతను మాట్లాడలేదు. "ఇప్పుడు ఎడమకు తిరుగుతం అన్నా... గిప్పుడు నీడ వస్తది, భయపడకు... ఇగో, ఆపుతున్న." ఆ దారి వెనక వరండా మీదుగా పోయింది. ఈ హాస్పిటల్ ఒకప్పుడు ఎవరో సినిమా నిర్మాత బంగ్లా. పాత బంగ్లాకు కొత్త భవనాన్ని అతికించి హాస్పిటల్ చేశారు. అప్పటి వరండా ఒక్కటి వెనకాల అలాగే మిగిలిపోయింది. స్కానింగ్ గది దగ్గర గడియారం ఆపితే తొమ్మిది నిమిషాల పది సెకన్లు.

పేషెంటును లోపలికి పంపాక హనుమంతు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"సీదా పోతే నాలుగు జాగల గతుకుంది మేడమ్. పాతదానికి కొత్త బిల్డింగు అతికిచ్చిండ్రు గదా, గా అతుకుల కాడ. నడిచేటోళ్లకు తెల్వది. పండుకున్నోనికి తెలుస్తది. ఎముక ఇరిగినోడయితె పానం పోయినట్టు ఒర్రుతడు. ఎనక వరండాల పాత మొజాయిక్ ఉంది. ఏం తెల్వది."

"మూడు నిమిషాలు ఎక్కువ పడుతోంది."

"పడతది."

అతను ఒప్పుకున్న తీరు చూస్తే ఆమెకు ఒళ్లు మండింది. తప్పు కప్పిపుచ్చుకుంటే దబాయించొచ్చు, ఇలా నిమ్మళంగా అవునంటే ఏం చేస్తారు?

"రూలు ఆరు నిమిషాలు. నెలలో లేటయినవన్నీ నీవే, తెలుసా? రేపట్నుంచి అందర్నీ తిన్నగా తీసుకెళ్లు హనుమంతూ." అన్నా అనడం మానేసి పేరు పెట్టి పిలిచానని ఆమెకే తర్వాత తెలిసింది.

"ఆరు నిమిషాలని ఎవలు పెట్టిండ్రు మేడమ్?"

"హాస్పిటల్ పెట్టింది."

"మంచిది," అన్నాడు.

సీట్లోకి వచ్చి ఆమె పాత ఫైలు తీసింది. ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూపించే కాగితాలు అందులో ఉంటాయి. ఆరు నిమిషాల కాగితం మీద రాత తనదే. కొలిచినవారు: మంజులత. సమయం: ఉదయం అయిదూ నలభై. పట్టినది: అయిదు నిమిషాల యాభై సెకన్లు.

ఆ తెల్లవారుజాము గుర్తొచ్చింది. మొదటి తనిఖీకి ఇంకా వారమే ఉంది. ఓపీ హాలులో ఒక్క మనిషి లేడు, నేల తడిగా మెరుస్తోంది. తనే స్ట్రెచర్ పట్టుకుని పరుగులాంటి నడకతో తోసుకుంటూ వెళ్లింది. చిన్నపిల్లలా సంతోషపడింది కూడా. స్ట్రెచర్ మీద ఒక రిజిస్టరు, ఒక పెన్ను ఉన్నాయి. మనిషి లేడు.

ఫైలు మూసేసింది. అయితే మాత్రం ఏం, ఆరంటే ఆరే, అని తనకు తాను చెప్పుకుంది. తెచ్చిపెట్టిన టీ చల్లారిపోయింది. కాసేపటికి, ఎందుకో తెలియకుండానే, హనుమంతు పోయిన నెల ట్రిప్పులన్నీ వరసగా తీసి కేస్ షీట్లతో కలిపి చూసింది. తలకు దెబ్బ తగిలినవాళ్లు, మూతి వంకరపోయి పక్షవాతంతో వచ్చినవాళ్లు ఏడుగురు. ఆ ఏడుగురినీ అతను తిన్నని దారిన అయిదున్నర నిమిషాల్లో చేర్చాడు. లేటయిన పద్నాలుగూ ఎముకల కేసులే. వరప్రసాద్ తెర మీద ఈ తేడా లేదు. తెర మీద అందరూ ట్రిప్పులే.

బుధవారం పొద్దుట ఎముకల కేసులు రాలేదు. మధ్యాహ్నం రెండింటికి హాస్పిటల్ మీద ఒక మత్తు దిగుతుంది. ఓపీ డాక్టర్లు భోజనాలకు వెళ్తారు, కుర్చీల్లో పేషెంట్లు టోకెన్లు పట్టుకునే కునుకు తీస్తారు, లిఫ్టు తనంతట తనే తలుపులు తెరిచి మూసుకుంటూ ఉంటుంది. ఆ వేళ మంజులత క్యాజువాలిటీకి వెళ్లి స్ట్రెచర్ పక్కన చెప్పులు విడిచింది.

"నన్ను తీసుకెళ్లండి," అంది. "ముందు వేరేవాళ్లు ఎవరైనా తిన్నగా. మళ్లీ ఇక్కడినుంచి నువ్వు, నీ దారిలో."

హనుమంతు కంగారుపడ్డాడు. "మంచిగున్నోళ్లు పండుకోవద్దు మేడమ్ దీని మీద."

"ఎందుకు?"

"వద్దంతె." ఆలోచించి, తనే ఒక దారి కనిపెట్టాడు. "సినిమాల సచ్చిపోయిన వేషం ఏసినోన్ని, షాట్ అయినంక కెమెరా దిక్కు చూసి నవ్వమంటరు. నవ్వితె దోషం పోతది. మీరు గుడ దిగినంక ఒక్కపారి నవ్వాలె. సరేనా?"

"నీకెలా తెలుసు?"

"ఇరవై రెండేండ్లు ఫిల్మ్‌నగర్ల కెమెరా ట్రాలీ తోసిన మేడమ్. పట్టాలేసి, దాని మీద కెమెరా, కెమెరా ఎనక మనిషి. ఇప్పుడు గవన్నీ యాడున్నయ్? చేతుల పట్టుకునే మిషన్లొచ్చినయ్. పని లేక ఇక్కడికొచ్చిన."

ఇంకో అటెండరు వచ్చి ఆమెను తిన్నగా తీసుకెళ్లాడు. పడుకుంటే హాస్పిటల్ ఇంకోలా ఉంటుందని ఇన్నేళ్లలో ఆమెకు తోచలేదు. పైకప్పు పరుగెడుతోంది. ట్యూబులైట్లు ఒక్కొక్కటే వచ్చి కళ్లలో పొడిచి పోతున్నాయి. ఓపీ హాలులో మొహాలు లేవు, గడ్డాలు, ముక్కు రంధ్రాలు, చేతి సంచుల అడుగు భాగాలు. ఎవరిదో బ్యాగు ఆమె చెంపను రాసుకుంటూ పోయింది. ఒకావిడ వంగి చూసి, "అయ్యో, ఏమైందంట?" అంది పక్కావిడతో, మనిషి అక్కడ లేనట్టు. అప్పుడు మొదటి అతుకు వచ్చింది. దవడ టక్కుమంది. రెండోదానికి వెన్నుపూసలో పాత నొప్పి మేలుకుంది. మూడోది వస్తుందని తెలిసి రెండు చేతులతో అంచులు పట్టుకుంది, నాలుగోది వచ్చేదాకా వదల్లేదు. ఆరు నిమిషాలు సరిగ్గా. తన ఒంట్లో ఒక్క ఎముకా విరగలేదు, అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత హనుమంతు. బయల్దేరడం ఆమెకు తెలియలేదు. పైన దీపం జరిగాకే తెలిసింది.

"ఇప్పుడు కుడికి," అన్నాడు తల వెనకనుంచి మెల్లగా. కుడివైపు ఉన్న గోడ వచ్చి తన పక్కన నిలబడి వెళ్లిపోయింది. తను కదలడం లేదు, హాస్పిటలే తన చుట్టూ మెల్లగా తిరుగుతోంది అనిపించింది. వరండాలోకి వచ్చేసరికి వెలుతురు మారింది. పాత బంగ్లా పైకప్పు ఎత్తుగా ఉంటుంది, దాని అంచున సున్నంతో చేసిన లతలు. ఎవరు చెక్కించుకున్నారో, ఎవరి కోసమో. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఒక కిటికీలో బండరాయి, ఒక కిటికీలో ఆకాశం, ఇంకో కిటికీలో హోర్డింగు మీద ఒక కన్ను. ఎక్కడో షూటింగుకు కట్టిన మైకులోంచి ఒకే పాట ముక్క మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. ఆ ముక్క దగ్గరే ఆపుతారు, మళ్లీ మొదలుపెడతారు. నీడ, వెలుతురు, నీడ, వెలుతురు. చిన్నప్పుడు జ్వరమొస్తే నాన్న భుజం మీద వేసుకుని సముద్రం ఒడ్డున తిప్పేవాడు, ఇసుకలో ఆయన అడుగుల చప్పుడు వినపడేది కాదు. ఆ సంగతి ముప్పై అయిదేళ్లుగా ఆమెకు గుర్తు రాలేదు.

"ఆపుతున్న మేడమ్," అన్నాడు. ఆగడం కూడా తెలియలేదు.

ఆమె లేవలేదు. ఫోనులో గడియారం నడుస్తూనే ఉంది.

"తోసుడు ఎవలైన తోస్తరు," అన్నాడు హనుమంతు, ఎవరితోనో అన్నట్టు. "కదిలిచ్చుడు, ఆపుడు. గా రెండే పని. ఆపేటప్పుడు కెమెరా ఊగితె డైరెక్టరు తిట్టెటోడు. ఈళ్లు తిట్టరు. నొప్పి వస్తె ఏడుస్తరు." చక్రానికి కాలు అడ్డం పెట్టి అన్నాడు, "దిగుండ్రి మేడమ్. నవ్వాలె."

ఆమె కాళ్లు కిందికి దించి కూర్చుంది. నవ్వబోయింది. నవ్వు బదులు ఏడుపు వచ్చింది. రెండేళ్లుగా ఈ దారిన వెళ్లిన వాళ్లంతా, ఆ నాలుగు అతుకుల మీద కేకలు పెట్టిన వాళ్లంతా తను ఒక తెల్లవారుజామున సంతోషంగా రాసుకున్న అంకె కోసం అలా వెళ్లారు. అది తలుచుకుంటే ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. హనుమంతు బిత్తరపోయి, ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. వెళ్లిపోలేదు. ఆమె మొహం తుడుచుకుని, ఎలాగో పళ్లు కనిపించేలా నవ్వాకే స్ట్రెచర్ వెనక్కి తిప్పాడు.

ఆమె తిన్నగా తన సీటుకు వెళ్లి ఫారం ముందేసుకుంది. రాయాల్సింది చాలా ఉంది. రేపట్నుంచి తిన్నగా తీసుకెళ్లమని నిన్న తను అన్న మాట అలాగే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవాలని తోచలేదు. కాగితం సరిచేస్తే అన్నీ సరవుతాయని పదిహేనేళ్లు నర్సుగా చేసిన మనిషి అనుకుంది.

గురువారం పొద్దుట తొమ్మిదింటికి ఆమె ఫారం చేత్తో పట్టుకుని ఓపీ హాలు దాటుతుంటే ఆ కేక వినిపించింది. హాలులో ఉన్నవాళ్లంతా అటు తిరిగారు. స్ట్రెచర్ మీద ఒక ముసలావిడ. ముందు నడుస్తున్న కూతురు దారి ఇమ్మని అందరినీ బతిమాలుతోంది. వెనక హనుమంతు.

"మెల్లగా నాయనా! బాబూ, నీకు పుణ్యముంటుంది, మెల్లగా!"

రెండో అతుకు దగ్గర ఆవిడ మాటలు పోయాయి, కేక ఒక్కటే మిగిలింది. మంజులత గుంపును తోసుకుంటూ వెనకాల పరుగెత్తింది. "హనుమంతన్నా!" అంది. అతను వినలేదో, విన్నా ఆగకూడదనుకున్నాడో. మూడోది. నాలుగోదానికి ముసలావిడ హనుమంతు మణికట్టు పట్టుకుని గోళ్లు దిగేసింది.

స్కానింగ్ గది తలుపు మూసుకున్నాక ఆవిడ కూతురు చెప్పింది. పేరు అమ్మాజీ. డెబ్బై ఏళ్లు. యూసుఫ్‌గూడలో ఉంటారు. సినిమా వాళ్ల బట్టలు కుట్టేది, ఇప్పటికీ ఎవరైనా పాత టైలరు మేస్త్రీ అడిగితే కుడుతుంది. తెల్లారి బాత్రూములో జారితే తుంటి విరిగింది. "మా అమ్మ మా నాన్న పోయినప్పుడు కూడా ఇలా అరవలేదండీ," అంది ఆ కూతురు. తప్పెవరిదని అడగలేదు. హాస్పిటల్లో నొప్పి ఇలాగే ఉంటుందనుకుంది పాపం.

హనుమంతు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మణికట్టు మీద నాలుగు గీరలు ఎర్రగా లేచాయి.

"అయిదు నిమిషాల యాభై మేడమ్," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "రాసుకోండ్రి."

"నిన్న నీతో ఒక్క మాట చెప్పాల్సింది..."

"మొన్న మీరు చెప్పిండ్రు. పొద్దుగాల వరప్రసాద్ సార్ గుడ చెప్పిండు. ఇంకొక్కటి లేటయితె పొమ్మన్నడు." తువ్వాలు తీసి మణికట్టుకు చుట్టుకుంటూ క్యాజువాలిటీ వైపు వెళ్లిపోయాడు.

నాలుగింటికి సూపరింటెండెంటు గదిలో ముగ్గురే ఉన్నారు. మంజులత ఫారం బల్ల మీద పెట్టింది. ఎర్ర గడి ఎర్రగానే ఉంది. కారణం గడిలో హనుమంతు పేరు లేదు, నిర్లక్ష్యం అన్న మాట లేదు. 'కొలత పద్ధతిలో లోపం' అని ఉంది. దాని కింద, నార్మ్‌ను ఖాళీ స్ట్రెచర్‌తో కొలిచారనీ, ఎముకల కేసులకు వెనక వరండా దారి, వేరే సమయం ఉండాలనీ రాసింది. కేస్ షీట్ల కాపీలు, తన రాతతో ఉన్న పాత కొలత కాగితం జతచేసింది.

వరప్రసాద్ చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడమ్, మీకేమన్నా అర్థమవుతోందా? ఈ నంబరు తప్పని మనమే రాసిస్తే మిగతా నలభై నంబర్లు ఎలా పెట్టారని అడుగుతారు."

"అడగాలండీ. అందులో పదకొండు నేను పెట్టినవే. అవీ చూడాలి."

"ఒక అటెండరు కోసమా ఇదంతా?"

"ఆ అటెండరు పక్షవాతం కేసుల్ని అయిదున్నర నిమిషాల్లో చేర్చాడు. ఎవరిని తొందరగా తీసుకెళ్లాలో, ఎవరిని మెల్లగా తీసుకెళ్లాలో అతనికి తెలుసు. మన కాగితానికి తెలీదు."

సూర్యప్రకాశరావు కాపీలు ఒక్కొక్కటి తిప్పుతున్నారు. తిన్నగా వెళ్లిన ఆ ఏడు కేసుల దగ్గర ఆగారు, మళ్లీ మొదటి పేజీకి వచ్చారు. కిటికీ అవతల హోర్డింగు పూర్తయింది, హీరో ఎవరినో కోపంగా చూస్తున్నాడు.

"మంజులత గారూ," అన్నారు చివరికి. "సోమవారం ఈ గడిలో ఏముంది?"

"సిబ్బంది నిర్లక్ష్యం అని ఉంది సార్."

"ఇప్పుడేముంది?"

ఆమె చదివింది. "కొలత పద్ధతిలో లోపం."

"అతనైతే నిర్లక్ష్యం. మీరైతే లోపం." ఆయన గొంతులో కోపం లేదు, ఎక్స్‌రేలో ఎముక చూపిస్తున్నట్టే చెప్పారు. "మనిషిని పడుకోబెట్టకుండా మనిషిని తీసుకెళ్లే టైం కొలిచారు. దాన్ని ఏమంటారమ్మా?"

మంజులత ఫారం వైపు చూసింది. రాత్రంతా ఎంతో నిజాయితీగా రాశాననుకుంది. పరాయివాడి కోసం పెట్టిన మాట తన దగ్గరికి వచ్చేసరికి తన చెయ్యే దాన్ని మెత్తగా మార్చేసింది, తనకు తెలియకుండానే. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఆ మాట అలాగే ఉంచండి. పేరు మార్చండి," అన్నారాయన.

ఆమె పెన్ను తీసి 'కొలత పద్ధతిలో లోపం' కొట్టేసి, 'సిబ్బంది నిర్లక్ష్యం' అని రాసింది. పక్కన తన పేరు రాసింది. ఆయన సంతకం పెట్టి, వరప్రసాద్ వైపు జరిపారు.

"ఎర్ర గడి అలాగే ఉంటుంది సార్," అన్నాడు వరప్రసాద్.

"ఉండనీ. మీరు రేపు మేస్త్రీని పిలిపించి ఆ అతుకులు చూపించండి. తర్వాత మీరొకసారి దాని మీద పడుకుని రండి. నేనూ వెళ్తాను."

హనుమంతు వెనక వరండాలో చక్రం విప్పుకుని కూర్చున్నాడు. ఊగుతుందన్న ఎడమ చక్రం అదే. మంజులత వెళ్లి కిటికీ అరుగు మీద కూర్చుని అంతా చెప్పింది. పని ఎక్కడికీ పోదని, ఫారంలో అతని పేరు లేదని, ఎముకల కేసుల్ని ఇకనుంచి ఇటే తీసుకెళ్లాలని. తన పేరు రాసుకున్న సంగతి కూడా చెప్పింది. చెబుతున్నప్పుడు లోపల ఎక్కడో అతను ఒక మంచి మాట అంటాడని ఆశపడింది. మనిషి కదా.

హనుమంతు విన్నాడు. చక్రం బిగించి వేలితో తిప్పి చూశాడు.

"ముసలామె ఎట్లుంది?"

"నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. పడుకుంది. రేపు ఆపరేషన్."

"పొద్దుగాల ఆమెను తీసుకపోయింది ఏమని రాసిండ్రు?"

"ఏముంది, అయిదు యాభై. టైములోనే కదా. గ్రీన్."

"గా గ్రీన్ తీసి ఎర్రది చేయుండ్రి."

ఆమెకు అర్థం కాలేదు. "ఎందుకన్నా? నేను చెబితేనే కదా నువ్వు అటు తీసుకెళ్లింది. అది నా తప్పు."

"చెప్పింది మీరే." అతను మణికట్టు మీది తువ్వాలు విప్పి చూసుకుని మళ్లీ చుట్టుకున్నాడు. "తోసింది నేను. సీదా పోతె ఏమైతదో మీకు తెల్వకపోయె. నాకు తెలుసు మేడమ్. తెలిసి తోసిన. కొలువు పోతదని తోసిన."

మంజులత చంకలోని ట్రిప్పుల రిజిస్టరు తీసి గురువారం పేజీ తెరిచింది. అమ్మాజీ, స్త్రీ, డెబ్బై, తుంటి ఎముక. పక్కన ఆకుపచ్చ టిక్కు. దాన్ని కొట్టేసి, ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టింది.

"కారణం కాడ నా పేరు రాయుండ్రి," అన్నాడు హనుమంతు.

ఆమె రాసేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.